చార్టుకెక్కని చీము

రేడియాలజిస్టుగా నేను ముప్ఫై ఏళ్లకు పైనే పనిచేశాను. అందులో సగం భద్రాచలం అడవి అంచున ఒక సర్కారు దవాఖానాలో, కిటికీకి నల్లగుడ్డ కట్టిన స్కానింగ్ గదిలో గడిచింది. ఇప్పుడు పెనుబల్లిలో ఖాళీగా ఉన్నాను కదా, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ చూసిపోవడానికి వస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు. "మేడం, మీరు చేసిన డ్రెయినేజీల్లో అన్నిటికంటే కష్టమైనది ఏది?" వాళ్లకు గుండెకు వేలెడు దూరంలో సూది దించిన కథ కావాలి. అలాంటివీ ఉన్నాయి. కాస్త ఉప్పూకారం కలిపి చెబుతాను కూడా. కానీ నన్ను ఇప్పటికీ తొలిచేది సూది సాఫీగా దిగిన ఒక తేలిక కేసు. అందులో నా చేయి ఏ తప్పూ చేయలేదు, చేసిందంతా నోరే.

ఈ పని తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. కడుపులో ఎక్కడైనా చీము గూడు కట్టుకుంటే పూర్వం పొట్ట కోసి తీసేవాళ్లు. ఇప్పుడు స్కానింగ్ తెర మీద చూసుకుంటూ పక్కటెముకల సందులోంచి సన్నని సూది దించుతాం. సూదిలోంచి తీగ, తీగ మీదుగా గొట్టం. లోపలికి వెళ్లాక గొట్టం కొస పందితోకలా చుట్టుకుని జారిపోకుండా నిలుస్తుంది. బయటి కొసకు సంచి తగిలిస్తాం. చీము కొంచెం కొంచెంగా దిగి అందులో చేరుతుంది. పొద్దున ఎనిమిదింటికి సిస్టరు సంచి మీది గీతలు చూసి, ఎంత వచ్చిందో చార్టులో రాసి, ఒంపేస్తుంది. జ్వరం పోయి, వరసగా మూడు రోజులు పది పదిహేను మిల్లీలీటర్లకు మించి రాకపోతే గొట్టం లాగేస్తాం. లోపలి గూడు పూర్తిగా మాయం కావడానికి నెలలు పడుతుంది కాబట్టి, తెర మీద ఇంకా ఏదో నల్లగా కనబడుతున్నా కంగారుపడం. నమ్మకమంతా చార్టు మీదే.

చలికాలం చివరలో ఒకరోజు మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఒకతన్ని తెచ్చారు. నలభై ఏళ్లుంటాయేమో, కుడిచేత్తో పక్కటెముకలు పట్టుకుని వంగి నడుస్తున్నాడు. అశ్వారావుపేట వైపు అడవిలో ఊరు. రెండు వాగులు దాటాలి. వెనకాల ఇంకో బండి మీద భార్య, చేతిలో ఒక సత్తు చెంబు, భుజాన మూట. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు కోయలో మాట్లాడుకుంటున్నారు, మాతో తెలుగు.

బల్ల మీద పడుకోబెట్టి ప్రోబ్ పెట్టగానే కనబడింది, లివర్‌లో కొబ్బరిబోండమంత చీముగడ్డ.

"ఏం పని చేస్తావయ్యా?" అని అడిగాను.

"జీలుగు చెట్లు గీస్త, డాక్టరమ్మా."

జీలుగంటే అక్కడి అడవుల్లో కల్లు పారే చెట్టు. మాలో చాలామందికి కల్లు అనే మాట వినబడగానే కేసు మొత్తం అర్థమైపోయినట్టు ఉంటుంది. నేనూ తక్కువ తినలేదు. "అయితే తాగుతావన్నమాట," అన్నాను.

"గీసేటోడు తాగకుంటే మందికి ఎట్ల పోస్తడు? మంచిగుందో లేదో తెల్వాలె గద," అన్నాడు నొప్పిలోనే, నాకేదో తెలియని సంగతి నేర్పుతున్నట్టు.

అప్పుడే అనిపించింది, ఇతను వేరే రకం అని. సూది అంటే చాలామంది కళ్లు మూసుకుంటారు. ఇతను తల తిప్పి తెర వైపే చూస్తున్నాడు. "ఆ తెల్లగ మెరిసేది సూదేనా? ఆ నల్లగున్నదాంట్లకే పోవాలెనా?" అని అడిగి, సూది కొస గడ్డలోకి దిగగానే "అవ్, పడ్డది," అన్నాడు నాకంటే ముందే. సిరంజిలోకి ముదురు గోధుమరంగు చీము వచ్చింది. గొట్టం దించి, కుట్టువేసి, సంచి తగిలించి మంచం కమ్మీకి కట్టబోతుంటే అతనే ఆపాడు.

"ఇంక కిందికి కట్టుండ్రి. కుండ పైన ఉంటే ఎట్ల దిగుతది?"

నిజమే. మా ఆయా దాన్ని మంచానికి సమానంగా కట్టబోయింది. నేను నవ్వి ఇంకా కిందికి కట్టించాను. మర్నాటికి వార్డులో పక్కమంచం మీద ముసలాయన సంచిని దుప్పటి మీద పెట్టుకుంటే ఇతనే భార్యను పంపి కింద కట్టించాడట. ఆ సంగతి నాకు సిస్టరు చెప్పింది.

ఆ సిస్టరు గురించి చెప్పాలి. ఇల్లందు పిల్ల. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడ చార్టులో ఒక అంకె కొట్టేసి దిద్దడం నేను చూడలేదు. అచ్చు వేసినట్టు రాసేది. మాట తక్కువ. నాకు నోరెక్కువ కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

మొదటిరోజు నా గదిలోనే అర లీటరు దాకా దిగింది. మర్నాడు చార్టులో మూడు వందల యాభై. ఆ మర్నాడు రెండు వందల ఇరవై. నాలుగో రోజుకు నలభై, ఐదో రోజుకు ఇరవై. ఎవరైనా విద్యార్థికి చూపించి, చక్కగా మానుతున్న చీముగడ్డ అంటే ఇలా ఉంటుందని చెప్పదగ్గ చార్టు. జ్వరం దిగిపోయింది. అన్నం తింటున్నాడు. వార్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు, సంచిని మోకాలి కిందకు వేలాడేలా పట్టుకుని.

కానీ మనసు మాత్రం వార్డులో లేదు. నేను రౌండుకు వెళ్లినప్పుడల్లా అదే మాట.

"డాక్టరమ్మా, ఎప్పుడు పంపుతరు? రెండు చెట్లు పారుతున్నయ్. మా బామ్మర్ది గీస్తుండు. వాని చెయ్యి బరువు."

"చేయి బరువైతే ఏమవుతుంది?"

"మందంగ కోస్తడు. గెల జల్ది అయిపోతది. రోజుకు రెండు పూటల ఆకు మందాన పలచగ చెక్కాలె. ఒక్క రోజు మర్సినా గాయం మూసుకుంటది. మూసుకున్నదంటే ఇగ ఆ గెల పారది."

అడిగేకొద్దీ చెప్పేవాడు. నేను రౌండు మర్చిపోయి స్టూలు లాక్కుని కూర్చునేదాన్ని. జీలుగు గెల ఎప్పుడు కోతకు వస్తుందో, దాన్ని ఎన్ని రోజులు తట్టి మెత్తబరచాలో, పొద్దున పారకానికీ సాయంత్రం పారకానికీ తేడా ఏమిటో, అన్నీ అడిగాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. చెట్టు గురించి అన్ని ప్రశ్నలు అడిగినదాన్ని, అతని మంచం కింది సంచి గురించి ఒక్కటి కూడా అడగలేదు.

సిస్టరు అతనికి రోజూ ఒకటే చెప్పేది. "సంచిల తగ్గుతుంది, మంచిగుంది. ఇట్లనే తగ్గితే ఇంటికి పోతవ్."

ఆరో రోజు పదిహేను. ఏడో రోజు పదిహేను. సర్జన్‌కు ఇంకో రోగి కోసం ఆ మంచం కావాలి. సర్జన్ సత్తుపల్లి వైపు కుర్రాడు, పామాయిల్ తోటలున్న ఇంటివాడు, చేతిలో ఒడుపూ ఉంది, కాళ్లకు తొందరా ఉంది. "మేడం, రేపటికి మూడు రోజులవుతుంది కదండీ, తీసేద్దాం. పాపం, చెట్ల గోల పెడుతున్నాడు," అన్నాడు. నాకూ అభ్యంతరం కనబడలేదు.

ఎనిమిదో రోజు పొద్దున తొమ్మిదింటికి అతన్ని నా గదికి పంపారు. భార్య మూట కట్టేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్లాలి. తెర మీద చూశాను. కొబ్బరిబోండం కాస్తా బత్తాయికాయంత అయింది. ఇంకా ఉన్నా ఫరవాలేదనుకున్నాను. కుట్టు కోయడానికి కత్తెర తీసుకున్నాను. గొట్టం లాగేముందు ఒకసారి సిరంజి తగిలించి లాగి చూడటం నాకు మొదటినుంచీ అలవాటు. ఎందుకు చేస్తున్నానో పెద్దగా ఆలోచించకుండానే చేసే అలవాటు అది.

పది వచ్చింది. తీసేసి మళ్లీ లాగాను. ఇంకో పది. మళ్లీ లాగాను. నలభై దాకా వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. పైగా చీములా లేదు. పలచగా, పసుపుపచ్చగా, వెలుగులో పెడితే ఆకుపచ్చ జీర కనబడుతోంది.

మూడు రోజులుగా ఎండిపోయిందని చార్టు చెబుతోంది. గొట్టమేమో పారుతోంది. రెండూ నిజం కావడానికి వీల్లేదని నా బుర్ర తీర్మానించింది. గొట్టం నా కళ్లముందు ఉంది కాబట్టి అబద్ధమాడింది చార్టే అనుకున్నాను.

సిస్టరును పిలిపించాను. గది బయట వరండాలో స్కానింగ్ కోసం వచ్చిన గర్భిణులు బెంచీల మీద కూర్చుని ఉన్నారు, ఆయా ఉంది, సర్జన్ కూడా అప్పుడే వచ్చాడు. అందరి ముందూ అడిగాను.

"మీరు సంచి చూసి రాస్తున్నారా, నిన్నటి అంకె చూసి రాస్తున్నారా?"

ఆవిడ ముఖం ఒక్కసారి ఎర్రబడింది. "చూసిందే రాసిన, మేడం."

"చూసి రాస్తే ఇదెక్కడిది?" అని సిరంజి ఆవిడ ముఖం ముందు పెట్టాను. అంతటితో ఆపినా బాగుండేది. ఆపలేదు. "ఇరవై ఏళ్లు చేశాక కూర్చున్నచోట కూర్చుని అంకెలు వేయడం అలవాటయిందా? ఇతను రెండు వాగులవతల పడి చస్తే మీ పదిహేను వచ్చి కాపాడుతుందా?" అన్నాను. ఇంకా ఏవో అన్నాను, అవి ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది.

ఆవిడ ఏడవలేదు. లోపలికి వచ్చి, బల్ల కింద వేలాడుతున్న సంచిని విప్పి నా ముందు పట్టుకుంది.

"ఎనిమిదింటికి చూసినప్పుడు పదిహేను ఉండె. రాసి ఒంపిన. ఈ గంటల ఇంకొంచెం వచ్చింది. మీరే చూడండి మేడం."

చూశాను. గంటలో సంచి అడుగున సన్నగా పసుపు నీళ్లు చేరాయి. ఏడెనిమిది ఉంటాయేమో. అప్పుడు కూడా నాకు వెలగలేదు. గంటకు అంత దిగుతుంటే రోజంతా కలిపి పదిహేను ఎలా అవుతుంది?

కోపం సగం అక్కడే ఆగిపోయింది. దాని చోట్లోకి ఇంకొకటి వచ్చింది. నాకు ఏదైనా లెక్క కుదరకపోతే ఆ రోజు అన్నం దిగదు. సంచికి చిల్లి ఉందేమోనని నీళ్లు పోసి పిండి చూశాను. లేదు. గొట్టం మీది తిప్పుడు మర సగం మూసుకుని ఉందేమోనని చూశాను. పూర్తిగా తెరిచే ఉంది. పడుకున్నప్పుడు గొట్టం మడతపడుతోందా? పక్కబట్టలు తడుస్తున్నాయా? సిస్టరు వార్డుకు పోయి దుప్పటి తెచ్చింది. పొడిగా ఉంది. సర్జన్ ఏదో అంటున్నాడు కానీ నా చెవికెక్కలేదు.

బల్ల మీద పడుకున్న మనిషి మా హడావుడి అంతా చూస్తున్నాడు. భార్యతో కోయలో ఏదో అన్నాడు. ఆవిడ కూడా అయోమయంగా చూసింది.

"ఏమైంది డాక్టరమ్మా? ఎక్కువైందనా, తక్కువైందనా?"

"నీ సంచిలోకి రోజుకు ఇంతేనా వచ్చేది?" అని సంచి అడుగు చూపించాను.

అతనికి కొంచెం రోషం వచ్చింది. "ఇంతేంది? రోజుకు రెండు గిద్దెలకు ఎక్కువే పారుతది."

"మరి ఏదీ?"

"ఒంపిన గద."

చేతిలోని సంచి బల్ల మీద పెట్టాను.

"ఎప్పుడు ఒంపావు?"

"రోజూ ఒంపుత. పొద్దు పొడవకముందు ఒకపాలి, పొద్దుగూకినంక ఒకపాలి. కుండ నిండనియ్యొద్దు. నిండితే ఎనుకకు తన్నుతది, గెల మురిగిపోతది. ఎండ తగిలితే పులుస్తది, ఈగలు ముసురుతయ్. మూడోనాడు లేసి నడిచిన కాడికెళ్లి నేనే చేస్తున్న. వెనుక దొడ్డిల పోసి, సంచి మూతి కడిగి, మళ్ల కట్టుకుంట."

మూడో రోజు. చార్టులో అంకె పడిపోయింది ఆ మర్నాటినుంచే. అతను తెల్లవారుజామున ఐదింటికి సంచి ఖాళీ చేసి కడిగి కట్టుకుంటాడు. ఎనిమిదింటికి సిస్టరు వస్తుంది. ఆవిడ రాసింది నిజమైన అంకే. కాకపోతే అది రోజు మొత్తానికి కాదు, మూడు గంటలకు.

"ఒంపుతున్నట్టు మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అడగలే. సిస్టరమ్మ పొద్దున వచ్చి సంచి చూసేది. కుండ మంచిగ ఒంపిన్నా లేదా అని చూస్తుందనుకున్న. మంచిగుంది, తగ్గింది అనేది రోజు. అందుకే ఇంక శుభ్రంగ ఒంపిన."

సిస్టరు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. అడిగే ముఖం కూడా నాకు లేదు.

అప్పుడు నేను ఇంకో ప్రశ్న అడిగాను, చెట్టు గురించి అడిగినట్టుగా. ఏ పూట ఎంత ఒంపావో గుర్తుందా అని. అతను నన్ను జాలిగా చూశాడు. ఏ చెట్టు ఏ పూట ఎంత పారిందో గుర్తులేకపోతే ఇక గీసేవాడెందుకు అన్నట్టు. సిస్టరు కొత్త సంచి ఒకటి తెచ్చి దానిలో జగ్గుతో నీళ్లు పోయడం మొదలుపెట్టింది. అతను బల్ల మీద కూర్చుని చెయ్యెత్తి ఆపేవాడు.

"నాల్గోనాడు పొద్దుగాల ఇంత. ఆగు, ఇంకొంచెం. ఆఁ."

ఆవిడ గీత చూసి రాసుకునేది. నూట పది. ఆ నీళ్లు పారబోసి మళ్లీ పోసేది. "సాయంత్రం ఇంత." తొంభై. ఇలా ఎనిమిదో రోజు తెల్లవారుజాము దాకా వచ్చారు. ఒకచోట ఆవిడ ముందు రాసింది మర్చిపోయినట్టు నటించి అదే పూట మళ్లీ అడిగింది. అతను అదే గీత దగ్గర ఆపాడు. వరండాలో గర్భిణులు గుమ్మంలోకి తొంగి చూస్తున్నారు. ఎవరినీ పొమ్మనలేదు నేను. ఇరవై నిమిషాల్లో అసలు చార్టు తయారైంది. రోజుకు రెండు వందలకు ఇటూ అటూగా, ఐదు రోజులుగా తగ్గకుండా దిగుతూనే ఉంది.

"రంగు?" అని అడిగాను.

"మొదట ఇప్పపువ్వు ఉడకబెట్టిన రసమోలె ఉండె. తర్వాత పలచన పడ్డది. ఐదోనాటికెళ్లి పసుపు. అది చీము కాదు డాక్టరమ్మా, పసరు. మేకను కోసినప్పుడు చూస్తం గద."

సిస్టరు మెల్లగా పాత చార్టు తిప్పి నా ముందు పెట్టింది. చివర రిమార్కుల గడి ఉంటుంది, సన్నగా. అందులో ఐదో రోజు దగ్గర 'పసుపు రంగు' అని ఉంది. ఆరో రోజు దగ్గరా ఉంది. ఏడో రోజు 'పసుపు, డాక్టరు గారు చూడాలి' అని ఉంది. దాని కింద నా సంతకం కూడా ఉంది. అంకె చూసి సంతకం పెట్టాను. పక్క గడి చదవలేదు.

భయం వేసింది నాకు. చీముగడ్డ తినేసిన చోట పసరు, అంటే పైత్యరసం, పారే సన్నని కాలువ ఒకటి తెగి గూడులోకి తెరుచుకుంది. గొట్టం ఉన్నంతకాలం ఆ పసరు బయటికి పోతుంది. నేను ఆ పొద్దున గొట్టం లాగేసి ఉంటే అది కడుపులోకి కారేది. అతను మధ్యాహ్నం బస్సెక్కి, సాయంత్రానికి రెండు వాగులు దాటి, మర్నాడు చెట్టెక్కేవాడు. కడుపు రాయిలా బిగుసుకున్నాక మళ్లీ మా దాకా వచ్చేవాడని నేను అనుకోను.

కుట్టు కోయకుండా కత్తెర తిరిగి డబ్బాలో పెట్టేశాను.

సర్జన్ హైదరాబాదు పంపుదామన్నాడు. అక్కడ నోట్లోంచి కెమెరా గొట్టం దించి పసరు దారికి లోపలే చిన్న పైపు వేస్తారు, అది పద్ధతే. లేదా గొట్టం అలాగే ఉంచి ఓపిక పడితే చాలాసార్లు ఆ కాలువ దానంతటదే మూసుకుంటుంది, వారాలు పడుతుంది. రెండూ అతనికి విడమరిచి చెప్పాం. హైదరాబాదు అనగానే భార్య అతని మోచేయి పట్టుకుంది. అతను పోనన్నాడు. వార్డులో వారాల తరబడి ఉండనూ ఉండనన్నాడు. "గొట్టంతోనే ఇంటికి పోత," అన్నాడు.

"గొట్టం పెట్టుకుని అడవిలోకా? ఎవరు చూస్తారండీ దాన్ని?" అని సర్జన్ నా వైపు తిరిగాడు.

జవాబు సిస్టరు చెప్పింది. గంట ముందు అందరిలో నా చేత తిట్లు తిన్న మనిషి. "ఈ వార్డుల సంచిని ఎట్ల చూసుకోవాలెనో తెల్సినోడు ఎవడన్న ఉంటే ఈయనే సార్. మనకే తెల్వదు."

అలా అడవిలోకి పంపాం. షరతులు పెట్టాను. చెట్టెక్కకూడదు, కల్లు ముట్టకూడదు, జ్వరమొస్తే ఆ పూటే బయల్దేరాలి, వారానికోసారి బస్సెక్కి రావాలి. గొట్టం చుట్టూ కట్టు ఎలా మార్చాలో సిస్టరు భార్యకు మూడుసార్లు చేయించి చూసింది. రాయడం రాదు కదా, ఎంత ఒంపావో ఎలా చెబుతావంటే, నారతాడు మీద ముడులు వేసుకొస్తానన్నాడు. గిద్దెడుకు, అంటే మా లెక్కలో వంద మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, ఒక ముడి. రోజు మారినప్పుడు భార్య ఎర్రదారం కడుతుంది.

వాళ్లను పంపించాక నేను వార్డుకు వెళ్లాను. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని. ఇంట్లో కూడా అడిగి ఎరగను. తిట్టినప్పుడు ఎంతమంది ఉన్నారో అంతమంది ముందూ అడగాలనిపించింది కానీ గర్భిణులు వెళ్లిపోయారు. ఆయాను, సర్జన్‌ను పిలిచి నిలబెట్టి, "పొద్దున నేనన్నది తప్పు, నన్ను క్షమించండి," అన్నాను.

ఆవిడ సూదుల ట్రే సర్దుతూనే ఉంది. "మీరు నన్ను అడిగిండ్రు మేడం, చూసి రాస్తున్నరా అని. ఎంతసేపట్ల వచ్చింది ఇది అని అడిగితే అప్పుడే తెలిసేది," అంది. ట్రే పక్కన పెట్టి, "నేనూ ఆయన్ని అడగలే," అంది. ఆ తర్వాత కొన్నాళ్లు నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. అది న్యాయమేనని నేను ఊరుకున్నాను.

మొదటి వారం తాడు చూడాలి మీరు. రోజుకు రెండు ముడులు, ఒక్కోచోట మూడు. దారానికీ దారానికీ మధ్య దగ్గరదగ్గరగా. నేను చార్టు పక్కన పెట్టి తాడు వేళ్లతో తడుముతూ కూర్చున్నాను. రెండో వారం ముడులు పలచబడ్డాయి. మూడో వారం ఒక పెద్ద ముడి బదులు సగం బిగించిన ముడి ఉంది. అదేమిటంటే "అర గిద్దె" అన్నాడు, అది కూడా తెలియదా అన్నట్టు. నాలుగో వారానికి అరముడులే మిగిలాయి. ఈలోపు వార్డులో సిస్టరు ఎవరూ చెప్పకుండానే చార్టుల మీద స్కేలుతో ఇంకో గడి గీసింది. అందులో 'ఎవరు ఒంపారు, ఎప్పుడు' అని రాసింది. మొదటి వారంలోనే ఇంకో ఇద్దరి సంచులు ఇంటివాళ్లు ఒంపుతున్నట్టు బయటపడింది. ఒకావిడ, వాసన వస్తే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని. ఇంకొకతను, డాక్టర్లు వచ్చేసరికి నీటుగా ఉండాలని. నా సర్వీసులో ఇలా ఎన్ని అంకెలు నమ్మి ఎన్ని గొట్టాలు లాగానో లెక్క తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఐదో వారం వచ్చేసరికి ఎండలు ముదిరాయి. అతను గుమ్మంలోకి వచ్చి తాడు నా చేతికిచ్చాడు. కొసన నాలుగు ఎర్రదారాలు వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక్క ముడీ లేదు, అరముడి కూడా లేదు. తాడు నున్నగా జారిపోయింది వేళ్లలోంచి.

"చెట్లు ఎట్లా ఉన్నాయి?" అని ముందు అదే అడిగాను.

"ఒకటి మూసుకున్నది. బామ్మర్ది చెయ్యి అట్లాంటిది, ఏం జేస్తం. ఇంకోటి పారుతుంది," అన్నాడు. ఆ సంవత్సరం సంపాదనలో సగం పోయిందని నాకు అర్థమైంది. అతను మాత్రం అంతకుమించి దాని గురించి మాట్లాడలేదు.

బల్ల మీద పడుకోబెట్టి చూశాను. బత్తాయికాయంత గూడు ఇప్పుడు ఉసిరికాయంత. సిరంజి తగిలించి లాగాను. రెండు బొట్లు వచ్చి ఆగిపోయింది. మళ్లీ లాగాను. గాలి కూడా రాలేదు. అతను తల తిప్పి తెర వైపే చూస్తున్నాడు, మొదటిరోజులాగే.

"మిషన్ ఏమంటుంది డాక్టరమ్మా?"

"నీ తాడు చెప్పిందే చెబుతోంది."

సిస్టరు చార్టు తెచ్చింది. ఎప్పుడూ ఆవిడే రాసేది. ఆ రోజు పెన్ను నా చేతికిచ్చింది.

"ఇయ్యాల మీరు రాయండి మేడం."

"ఎంతని రాయను?"

"నన్ను అడుగుతరేంది? ఆయన్ని అడగండి."

ఆవిడ ముఖంలో నవ్వు ఉంది. ఐదు వారాల తర్వాత చూశాను దాన్ని. నేను అతని వైపు తిరిగి, వరండాలో అందరికీ వినబడేంత గొంతుతో అడిగాను.

"పొద్దున ఎంత ఒంపావు?"

"ఏం లేదు డాక్టరమ్మా. పొద్దు పొడవకముందే చూసిన గని, ఒంపనీకి ఏం దిగలే."

గడిలో సున్నా వేశాను. పక్క గడిలో అతను ఒంపబోయిన వేళ రాశాను. రిమార్కుల గడి కూడా చదివి, కింద సంతకం పెట్టి, అప్పుడు గొట్టం లాగాను.